పది లక్షల డాలర్ల ప్రశ్న: ఋజువైందని తేల్చేదెవరు?

1889 జనవరి 21న, స్వీడన్-నార్వేల రాజు రెండవ ఆస్కార్ అరవయ్యవ పుట్టినరోజు వేడుకగా ఏర్పాటైన గణిత బహుమతి ఫ్రెంచి గణితజ్ఞుడు ఆన్రీ పాంకరేకు దక్కింది. పరస్పర గురుత్వాకర్షణకు లోబడి తిరిగే అనేక గోళాల గమనాన్ని గణితం ఎంతవరకు ముందే చెప్పగలదన్నది అడిగిన ప్రశ్న. పాంకరే దానిని మూడు గోళాల మట్టుకు తీసుకొని సుదీర్ఘమైన వ్యాసం పంపారు. వైయర్‌స్ట్రాస్, ఎర్మిట్, మిట్టాగ్-లెఫ్లర్ అనే ముగ్గురు ఉద్దండులు దానిని చదివి, మెచ్చి, 2,500 క్రోనర్ల నగదును, బంగారు పతకాన్ని ఆయనకు ఇప్పించారు. ఆ తర్వాత వ్యాసాన్ని అచ్చుకు సిద్ధం చేస్తున్న ఫ్రాగ్‌మెన్ అనే యువ గణితజ్ఞుడికి కొన్ని చోట్ల అన్వయం కుదరక సందేహాలు రాసి పంపగా, వాటికి జవాబు చెప్పబోయిన పాంకరేకు మరో చోట తన తర్కంలోనే పెద్ద పొరపాటు కనిపించింది. అప్పటికే అచ్చయి కొందరి చేతికి చేరిన ప్రతులను వెనక్కి రప్పించారు. సరిదిద్దిన వ్యాసాన్ని మళ్లీ అచ్చు వేయడానికి అయిన 3,585 క్రోనర్లను పాంకరే తన జేబులోంచి కట్టారు, అంటే గెలిచినదాని కంటే వెయ్యికి పైగా ఎక్కువ. అయితే ఆ దిద్దుబాటు చేస్తున్నప్పుడే, మొదటి స్థితిలోని అతి చిన్న తేడా కూడా గోళాల దారిని ఊహించలేనంతగా మార్చివేయగలదని ఆయన గ్రహించారు; నేడు అవ్యవస్థా సిద్ధాంతంగా పిలుస్తున్న శాఖకు మూలం అక్కడే ఉంది.

గణిత బహుమతుల గురించి వార్తలు రాసేవారి కన్ను ముందుగా మొత్తం మీద పడుతుంది. పది లక్షల డాలర్లు అనగానే శీర్షిక సిద్ధమైపోతుంది. కానీ గత నూట ముప్పై ఏళ్ల అనుభవాన్ని వరుసగా చూస్తే, సొమ్ము ఎంత అన్నదాని కంటే షరతుల కాగితంలో ఏమి రాశారన్నదే ఎక్కువ సంగతులు చెబుతుంది. ఒక సమస్య తీరిందని ఎవరు, ఎంత కాలానికి, ఏ ఆధారంతో ప్రకటించాలి అన్న ప్రశ్నకు ప్రతి దాతా ఏదో ఒక జవాబు వెతుక్కోవలసి వచ్చింది, ఆ జవాబుల్లో చాలావరకు అంతకు ముందు జరిగిన పొరపాట్ల నుంచి పుట్టినవే.

ఋజువు కోసం ఇంత పట్టుదల ఎందుకని గణితం వెలుపలి వారికి అనిపించడం సహజమే. కోట్ల ఉదాహరణల్లో నిజమైనది నిజం కాకుండా పోతుందా అంటే, పోతుంది. ఒక సంఖ్య ఐదవ ఘాతాన్ని మరికొన్ని సంఖ్యల ఐదవ ఘాతాల మొత్తంగా రాయాలంటే కనీసం ఐదు సంఖ్యలు కావాలని అర్థమిచ్చే ప్రతిపాదన ఒకటి ఆయిలర్ 1769లో చేశారు. దాదాపు రెండు శతాబ్దాలు దానికి ఎదురు లేదు. 1966లో లాండర్, పార్కిన్ అనే ఇద్దరు కంప్యూటర్ సాయంతో వెతికి 27, 84, 110, 133 అనే నాలుగు సంఖ్యల ఐదవ ఘాతాలను కూడితే సరిగ్గా 144 ఐదవ ఘాతం వస్తుందని చూపారు. కావలసిన వారు కాగితం మీద సరిచూసుకోవచ్చు, మొత్తం 61,91,73,64,224 వస్తుంది. ఇంతకంటే గట్టి హెచ్చరిక ప్రధాన సంఖ్యల విషయంలో ఎదురైంది. ఒక సంఖ్య లోపు ఎన్ని ప్రధాన సంఖ్యలున్నాయో అంచనా వేసే సూత్రం ఒకటి, చూసిన ప్రతి పట్టికలోనూ అసలు లెక్క కంటే కొద్దిగా ఎక్కువే చూపేది. ఈ వరుస అనంతంగా ఎన్నోసార్లు తలకిందులవుతుందని లిటిల్‌వుడ్ 1914లో నిరూపించారు. మొదటిసారి అలా జరిగే చోటు ఒకటి పక్కన 316 సున్నాలు పెట్టినంత దూరంలో ఉండవచ్చని నేటి అంచనా. ఏ కంప్యూటరూ ఒక్కొక్క సంఖ్యనే లెక్కిస్తూ అక్కడికి చేరలేదు.

అందువల్లే 1859లో బెర్న్‌హార్డ్ రీమన్ ఎనిమిది పుటల వ్యాసంలో చేసిన ఊహ నేటికీ తీరని సమస్యగానే ఉంది. జీటా ఫలనం అనే ఒక గణిత నిర్మాణం ఏ ఏ బిందువుల దగ్గర సున్నా అవుతుందో తెలిస్తే ప్రధాన సంఖ్యల పంపిణీలోని ఎగుడుదిగుళ్లు తెలుస్తాయి. ఆసక్తికరమైన ఆ సున్నాలన్నీ ఒకే నిలువు గీత మీద ఉన్నాయన్నది రీమన్ అభిప్రాయం. 2021లో ప్రచురితమైన ప్లాట్, ట్రజియన్‌ల గణనలో మొదటి పన్నెండు లక్షల కోట్లకు పైగా సున్నాలు ఆ గీత మీదనే ఉన్నాయని కచ్చితంగా తేలింది. లిటిల్‌వుడ్ ఫలితం తెలిసినవారెవరూ ఈ అంకెను చూసి తృప్తి పడరు. మచిలీపట్నంలో పుట్టి, టాటా మౌలిక పరిశోధనా సంస్థలో గణిత విభాగాన్ని తీర్చిదిద్దిన కొమరవోలు చంద్రశేఖరన్ 1950లలో అక్కడ ఇచ్చిన ఉపన్యాసాల్లో ఒక వరుస ఈ జీటా ఫలనం గురించినదే కావడం తెలుగు పాఠకులకు ఆసక్తి కలిగించే విషయం.

ఋజువే కావాలన్నప్పుడు దానికి వెల కట్టడంలోని చిక్కులన్నీ మొదటిసారి బయటపడినది వోల్ఫ్‌స్కేల్ బహుమతిలో. జర్మనీలోని డార్మ్‌స్టాట్‌కు చెందిన పౌల్ వోల్ఫ్‌స్కేల్ సంపన్న కుటుంబీకుడు. వైద్యం చదివి, నరాల జబ్బు వల్ల ఆ వృత్తిని వదిలి గణితం వైపు మళ్లారు. ప్రేమ విఫలమై ప్రాణం తీసుకోబోతూ ఫెర్మా సమస్యలో మునిగి బతికిపోయారని ప్రచారంలో ఉన్న కథకు నమ్మదగిన ఆధారం లేదు, అయినా బహుమతి కంటే ఆ కథే ఎక్కువ కాలం నిలిచేట్టుంది. 1906లో ఆయన మరణించాక, వీలునామా ప్రకారం లక్ష మార్కులను గోటింగెన్ విజ్ఞాన పరిషత్తుకు అప్పగించగా, ఆ పరిషత్తు 1908లో షరతులు ప్రకటించింది. రెండు కంటే పెద్దదైన ఏ ఘాతానికైనా రెండు సంఖ్యల ఘాతాల మొత్తం మూడో సంఖ్య ఘాతం కాజాలదన్న ఫెర్మా వాక్యాన్ని నిరూపించాలి; నిరూపణ ముందుగా పత్రికలోనో పుస్తకంగానో అచ్చు కావాలి; అచ్చయిన రెండేళ్ల లోపు బహుమతి ఇవ్వరు; గడువు 2007 సెప్టెంబర్ 13.

తొలి ఏడాదిలోనే 621 నిరూపణలు వచ్చి పడ్డాయి. సమస్యను బడిపిల్లలకు కూడా అర్థమయ్యేటట్లు చెప్పగలగడం, వెనుక లక్ష మార్కులు ఉండడం కలిసి, అంతకు ముందు గణితం ముఖం చూడని వారిని కూడా రంగంలోకి దింపాయి. వాటికి జవాబివ్వవలసిన బాధ్యత మీద పడిన గోటింగెన్ గణితాచార్యుడు ఎడ్మండ్ లాండావ్, మొదటి తప్పు ఏ పుటలో ఏ పంక్తిలో ఉందో నింపడానికి ఖాళీలు వదిలిన కార్డులు అచ్చు వేయించి, ఆ పనిని శిష్యులకు అప్పగించేవారని చెబుతారు. ఇది నవ్వుకోవడానికి బాగున్నా, బహుమతి మోపే అసలు భారం ఎవరి మీద పడుతుందో చెప్పే ఉదాహరణ కూడా: దాత ఇచ్చేది గెలిచిన ఒక్కరికి, వందలాది విఫల ప్రయత్నాలను చదివే వారి శ్రమకు పద్దు ఉండదు. మరోవైపు ఆ నిధి మీది వడ్డీ మాత్రం వృథా కాలేదు. ఆ సొమ్ముతో గోటింగెన్ వారు పెద్ద శాస్త్రజ్ఞులను ఉపన్యాసాలకు పిలిచేవారు. 1909లో అలా వచ్చిన వారిలో పాంకరే ఒకరు. ఫెర్మా సమస్యను మీరే ఎందుకు పరిష్కరించరని అడిగితే, బంగారు గుడ్లు పెట్టే బాతును ఎవరైనా చంపుకుంటారా అని అక్కడి ప్రసిద్ధ గణితజ్ఞుడు హిల్బర్ట్ చమత్కరించినట్లు ప్రతీతి.

చివరకు ఆ బాతును కోసింది ఆండ్రూ వైల్స్. ఏడేళ్లు ఎవరికీ చెప్పకుండా పనిచేసి 1993 జూన్‌లో కేంబ్రిడ్జిలో నిరూపణను ప్రకటించగా ప్రపంచమంతటా పత్రికలు మొదటి పుటలో వేశాయి. కొన్ని వారాలకే పరిశీలకులు ఒక చోట తర్కం అతకలేదని పట్టుకున్నారు. రిచర్డ్ టేలర్ తోడ్పాటుతో 1994 సెప్టెంబర్‌లో ఆ లోటు పూడింది, 1995 మేలో వ్యాసాలు అచ్చయ్యాయి, రెండేళ్ల షరతు తీరగానే 1997 జూన్ 27న బహుమతి అందింది. 1920లలోని ద్రవ్యోల్బణం అసలును మింగివేయగా మిగిలి, తర్వాత కొంత పెరిగిన ఆ నిధి అప్పటికి సుమారు 75,000 మార్కులు. 1993లో పత్రికల హోరుకు లొంగి ఎవరైనా అప్పుడే సొమ్ము ఇచ్చి ఉంటే రాజు ఆస్కార్ పేరిట ఇచ్చిన బహుమతి గతే పునరావృతమయ్యేది. 1908 నాటి గుమాస్తా భాషలో రాసిన ఆ చిన్న నిబంధన ఎంత దూరం చూసిందో ఇక్కడ తెలుస్తుంది.

2000 మే 24న పారిస్‌లో రీమన్ ఊహతో సహా ఏడు సహస్రాబ్ది సమస్యలను ప్రకటించిన క్లే గణిత సంస్థ కూడా దాదాపు ఇదే నియమాన్ని పెట్టుకుంది. అమెరికా వ్యాపారి లాండన్ క్లే 1998లో నెలకొల్పిన ఈ సంస్థ ఒక్కో సమస్యకు పది లక్షల డాలర్ల చొప్పున డెబ్బై లక్షలు కేటాయించింది. నూరేళ్ల క్రితం అదే నగరంలో హిల్బర్ట్ తన ప్రసిద్ధ సమస్యలను వినిపించారు. ఆయన వెంట నగదు లేకపోయినా ఇరవయ్యో శతాబ్దపు గణితానికి దారి చూపడంలో ఆ జాబితాను మించినది రాలేదని మరిచిపోకూడదు. క్లే నిబంధనల ప్రకారం పరిష్కారం గుర్తింపు పొందిన చోట ప్రచురితం కావాలి, ఆ తర్వాత కనీసం రెండేళ్లు గడవాలి, గణిత లోకం దానిని ఆమోదించి ఉండాలి, అప్పుడు కానీ సంస్థ సలహా మండలి పరిశీలన మొదలుకాదు. నిరూపణను సంస్థకు నేరుగా పంపితే చదవరు. లాండావ్ కార్డుల అవసరం రాకుండా పని భారాన్ని ముందుగానే పత్రికల మీదికి మళ్లించడమన్నమాట.

ఇందులో అంతగా ఎవరూ గమనించని మెలిక మరొకటి ఉంది. ఏడింటిలో రెండింటికి, అంటే సరిచూడడం తేలికైన జవాబును కనుక్కోవడం కూడా తేలికేనా అని అడిగే పి-ఎన్‌పి సమస్యకు, ద్రవాల గమనాన్ని వర్ణించే నావియర్-స్టోక్స్ సమీకరణాల సమస్యకు, అవునని తేల్చినా కాదని తేల్చినా బహుమతి ఉంటుంది. తక్కిన వాటిలో ఎవరైనా ఎదురు ఉదాహరణ చూపితే అది సమస్యను నిజంగా ముగించిందా లేదా అని సలహా మండలి చూస్తుంది. చిన్న మినహాయింపు చేర్చి సమస్యను మళ్లీ నిలబెట్టగలిగితే, పది లక్షలకు బదులు వేరే నిధి నుంచి చిన్న మొత్తం ఇచ్చే వీలుంది. సమస్యలో విలువైనది వాక్యం తాలూకు నిజానిజాలా, దాని చుట్టూ పెరగవలసిన అవగాహనా అని అడిగితే, ఈ నిబంధన రాసినవారి మొగ్గు రెండోదాని వైపే ఉన్నట్లు కనిపిస్తుంది.

ఏడింటిలో ఇంతవరకు తీరినది పాంకరే ఊహ ఒక్కటే, ఆ ఒక్కటీ నిబంధనలను ఇరుకున పెట్టింది. నిమ్మకాయ చుట్టూ ఎక్కడ రబ్బరు బ్యాండు చుట్టినా దానిని తెగకుండా జరుపుకుంటూ పోయి ఒక బిందువుగా కుదించవచ్చు. గారె చిల్లులోంచి చుట్టిన బ్యాండును అలా కుదించలేము. ఏ ఉచ్చునైనా కుదించగలిగే అవధి ఉన్న తలాలు సారాంశంలో గోళాలే అన్న ఈ గమనిక, ఒక మెట్టు పైన ఉండే త్రిపరిమాణ ఆకాశాలకు కూడా వర్తిస్తుందా అని పాంకరే 1904లో అడిగారు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు చెందిన గ్రిగరీ పెరెల్‌మాన్ 2002 నవంబర్ నుంచి 2003 జులై వరకు మూడు వ్యాసాలను ఇంటర్‌నెట్‌లోని ఒక బహిరంగ భాండారంలో పెట్టి, వాటిని ఏ పత్రికకూ పంపకుండా ఊరుకున్నారు. రిచర్డ్ హామిల్టన్ 1980లలో కనిపెట్టిన రిచ్చీ ప్రవాహం అనే పద్ధతిని, అది చిక్కుపడే చోట్ల ఎలా ముందుకు నడపాలో చూపడం ఆ వ్యాసాల సారం. అవి ఎంత క్లుప్తంగా ఉన్నాయంటే, వేర్వేరు బృందాలు వాటిని విప్పి వివరిస్తూ వందల పుటలు రాయడానికి, లోకం ఒప్పుకోవడానికి 2006 వచ్చింది.

ఆ ఏడాది ఫీల్డ్స్ పతకాన్ని, 2010లో క్లే బహుమతిని పెరెల్‌మాన్ తిరస్కరించారు. దీనిని వైరాగ్యంగానో వింత మనస్తత్వంగానో చూపిన కథనాలకు కొదవ లేదు. ఆయన చెప్పిన కారణం అంతకంటే సూటిగా ఉంది: హామిల్టన్ పాత్ర తన పాత్రకు ఏమాత్రం తీసిపోదని, గణిత సమాజపు నిర్ణయాలు న్యాయంగా లేవని. దశాబ్దాల పాటు చేతులు మారుతూ వచ్చిన పనిలో చివరి అడుగు వేసిన వారి పేరు మీద మొత్తం చెక్కు రాయడం బహుమతి స్వభావంలోనే ఉన్న లోపమని ఆయన ఎత్తిచూపినట్లయింది. ఆ సొమ్ముతో క్లే సంస్థ పారిస్‌లోని పాంకరే సంస్థలో యువ గణితజ్ఞుల కోసం ఒక పీఠాన్ని ఏర్పాటు చేసింది. అదే 2010 ఆగస్టులో అంతర్జాతీయ గణిత మహాసభ తొలిసారి భారతదేశంలో, హైదరాబాద్‌లో జరిగినప్పుడు ఫీల్డ్స్ పతకం అందుకున్న వారిలో న్గో బావో చౌ ఒకరు. ఆయన నిరూపించిన మౌలిక ప్రతిపాదన మీద ఎవరూ ముందుగా లక్షలు ప్రకటించలేదు, అయినా గణితజ్ఞుల దృష్టిలో దాని బరువు తక్కువేమీ కాదు.

సొమ్ము వెనుక ఉద్దేశాలు అన్ని చోట్లా ఒకటి కావు. ఒక నవల ప్రచారం కోసం ఇద్దరు ప్రచురణకర్తలు 2000లో, రెండు కంటే పెద్దదైన ప్రతి సరి సంఖ్యా రెండు ప్రధాన సంఖ్యల మొత్తమన్న గోల్డ్‌బాక్ సమస్యకు పది లక్షల డాలర్లు ప్రకటించి రెండేళ్ల గడువు పెట్టారు. 1742 నుంచి తీరని సమస్య వాణిజ్య ప్రకటన గడువులో తీరుతుందని వారు కూడా నమ్మి ఉండరు. డల్లాస్ బ్యాంకరు ఆండ్రూ బీల్ ఫెర్మా వాక్యాన్ని పోలిన తన సొంత ప్రతిపాదనకు 1997లో 5,000 డాలర్లతో మొదలుపెట్టి 2013 నాటికి పది లక్షలకు పెంచారు. ఆ నిధిని అమెరికన్ గణిత సంఘం దగ్గర ఉంచగా, వడ్డీతో ఏటా ఎర్డోష్ స్మారకోపన్యాసం జరుగుతోంది. ఇది గోటింగెన్ పద్ధతే.

ఆ ఎర్డోష్ దారి మాత్రం అన్నిటికీ భిన్నం. ఊరూరూ తిరుగుతూ బతికిన పాల్ ఎర్డోష్ తనకు తోచిన సమస్యలకు పాతిక డాలర్ల నుంచి వేల డాలర్ల దాకా వెల కట్టేవారు, సమస్య ఎంత కష్టమని ఆయన అంచనా వేశారో ఆ అంకె చెప్పేది. పట్టే సమయాన్ని బట్టి చూస్తే ఈ బహుమతులు కనీస వేతన చట్టానికి విరుద్ధమని ఆయనే నవ్వేవారు. గెలిచినవారిలో చాలామంది చెక్కును మార్చుకోకుండా పటం కట్టించుకున్నారు. 1996లో ఆయన మరణించాక మిత్రుడు రొనాల్డ్ గ్రాహం చెల్లింపుల బాధ్యత తీసుకున్నారు. వరుస ప్రధాన సంఖ్యల మధ్య వచ్చే పెద్ద ఎడాల సమస్య 2014లో తీరినప్పుడు ఎర్డోష్ ప్రకటించిన అతి పెద్ద మొత్తం, 10,000 డాలర్లు, గ్రాహం చేతుల మీదుగానే వెళ్లింది. ఇక్కడ రెండేళ్ల నిరీక్షణ లేదు, మండలి లేదు. నిర్ణయం చేసేది స్వయంగా ఆ విషయం తెలిసిన మనిషి. పాతిక డాలర్ల కోసం దొంగ ఋజువులు రాసేవారు ఉండరు కనుక ఆ పద్ధతి నడిచింది.

సరిచూడడం తేలికైన చోట బహుమతి నిర్వహణ కూడా తేలికే. పది లక్షల అంకెలున్న తొలి ప్రధాన సంఖ్యకు 50,000 డాలర్లు, కోటి అంకెల దానికి లక్ష డాలర్లు ఇచ్చిన ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ తదుపరి మెట్టుగా పది కోట్ల అంకెలకు లక్షన్నర ప్రకటించింది. 2024 అక్టోబర్‌లో దొరికిన రికార్డు సంఖ్యకు 4,10,24,320 అంకెలు ఉన్నాయి. సంఖ్య చేతికి వస్తే వేరే యంత్రాల మీద, వేరే ప్రోగ్రాములతో మళ్లీ పరీక్షించి ఒప్పుకోవచ్చు, వాదోపవాదాలకు చోటు లేదు. పి-ఎన్‌పి సమస్య అడిగేది నిజానికి ఈ సంగతినే: నింపిన సుడోకును సరిచూడడం క్షణాల పని, ఖాళీ సుడోకును నింపడానికి కూడా ఎప్పుడూ అంతే తేలికైన దారి ఏదైనా ఉందా, లేక సరిచూడడానికీ కనుగొనడానికీ మధ్య దాటరాని అగాధం ఉందా? ఉందనే ఎక్కువమంది నమ్మకం. విచిత్రమేమిటంటే మనుషులు రాసే ఋజువులు సుడోకుల్లా ఉండవు. తెలిసినవారికి తెలుస్తుందని వదిలేసిన మెట్లు వాటిలో వందలు ఉంటాయి కనుక, సరిచూడడమే ఏళ్ల పని అవుతుంది.

ఈ చిక్కు ఎంత దూరం వెళ్లగలదో, రెండు సంఖ్యలకూ వాటి మొత్తానికీ ఉన్న ప్రధాన కారణాంకాల గురించిన ఏబీసీ ప్రతిపాదన చూపింది. జపాన్‌కు చెందిన షినిచి మొచిజుకి 2012లో పెట్టిన అయిదు వందల పైచిలుకు పుటల నిరూపణలో సరిదిద్దలేని లోపం ఉందని 2018లో పీటర్ షోల్త్సే, యాకబ్ స్టిక్స్ ప్రకటించారు. లోపం లేదని మొచిజుకి వాదించారు. 2021లో ఆయన పనిచేసే క్యోటో సంస్థ పత్రికలోనే ఆ వ్యాసాలు అచ్చయ్యాయి. ప్రచురణ జరిగినా ఆమోదం రాలేదంటే, క్లే నిబంధనల్లో ఆ రెండింటినీ వేరు వేరుగా ఎందుకు రాశారో అర్థమవుతుంది. 2023లో జపాన్ వ్యాపారి నోబువో కవకామి ఆ సిద్ధాంతంలో మౌలిక దోషం చూపిన వారికి పది లక్షల డాలర్లు ఇస్తానన్నారు. ఋజువుకు కాక తప్పుకు వెల కట్టిన సందర్భాలు అరుదు.

నిబంధనల ఈ జాగ్రత్త పత్రికలకు ఉండదు. 2018లో మైకేల్ అటియా అంతటి వారు ఎనభై తొమ్మిదో ఏట రీమన్ ఊహను నిరూపించానని హైడెల్‌బర్గ్‌లో చెప్పినప్పుడు, 2021లో హైదరాబాద్ నుంచి అటువంటి వార్తే వచ్చినప్పుడు, పది లక్షల డాలర్లు చేతికి రావడమే తరువాయి అన్న ధోరణిలో కథనాలు వెలువడ్డాయి. రెండు సందర్భాల్లోనూ గణిత లోకపు ఆమోదం దొరకలేదు, సమస్య జాబితాలోనే ఉంది.

ఇక యంత్రాలు ఈ తగవు తీరుస్తాయా అన్నది ఇప్పటి చర్చ. బండి మీద బత్తాయిలు పేర్చే పద్ధతి కంటే దట్టంగా గోళాలను సర్దలేమని 1611లో కెప్లర్ చెప్పిన మాటకు థామస్ హేల్స్ 1998లో ఇచ్చిన నిరూపణను పన్నెండు మంది నిపుణులు ఏళ్ల తరబడి చదివి, తొంభై తొమ్మిది శాతం నమ్మకం ఉందని మాత్రమే చెప్పగలిగారు. మిగిలిన ఆ ఒక్క శాతం కోసం హేల్స్ ఒక బృందాన్ని కూర్చుకొని, ప్రతి మెట్టునూ కంప్యూటర్ తనిఖీ చేయగల భాషలోకి తిరగరాసి 2014లో పూర్తి చేశారు. లీన్ వంటి సాధనాలతో ఇప్పుడు ఈ పని అప్పటి కంటే వేగంగా సాగుతోంది. అయితే యంత్రం చూడగలిగేది ఇచ్చిన వాక్యానికి ఇచ్చిన తర్కం సరిపోయిందా అన్నంత వరకే. ఆ వాక్యం మనం అడిగిన సమస్యేనా అన్నది మనుషులే చదివి చెప్పాలి. గోల్డ్‌బాక్ వంటి సమస్యలో అది ఒక పంక్తి పని. క్లే జాబితాలోని యాంగ్-మిల్స్ సమస్యలో అలా కాదు, భౌతిక శాస్త్రజ్ఞులు దశాబ్దాలుగా వాడుతున్న క్షేత్ర సిద్ధాంతానికి గణితపరంగా నిలబడే నిర్మాణం ఇవ్వడమే అక్కడ సగం సమస్య, ఏ నిర్మాణాన్ని ఒప్పుకోవాలన్నది ఆ సలహా మండలిలో కూర్చున్న గణితజ్ఞులు తేల్చవలసిందే.